చుక్క తరువాత మూడక్షరాలు

హీయుమా దీవిలో నవంబరు రాత్రి
మధ్యాహ్నం మూడున్నరకే మొదలవుతుంది.
క్యార్ద్లా గ్రంథాలయంలో హీటరు పక్కన విర్వె,
కాళ్లకు గొర్రెబొచ్చు మేజోళ్లు,
చేతిలో కొరికి మరిచిపోయిన నల్లరొట్టె.

దీవి వెబ్‌సైటు ఇరవై ఏళ్ల కిందట హెల్దుర్ కట్టింది.
అతనిప్పుడు పైన్ చెట్ల కింద, ఇసుకమట్టిలో.
కట్టినవి మాత్రం నిలబడే ఉన్నాయి:
పడవల వేళలు, చేపల ధరలు,
సముద్రం గడ్డకట్టాక దాని మీద దారి తెరిచారో లేదో చెప్పే పేజీ,
గాలి పేజీ.
ప్రతి పేరు చివరా ఒక చుక్క,
చుక్క తరువాత పీ, హెచ్, పీ.
కొత్త చొక్కాకు చింపడం మరిచిన ధర చీటీ.

వాళ్ల భాషలో గాలిని తూల్ అంటారు.
తూలడమంటే ఏమిటో మనకు తెలుసు,
ఆ దీవిలో తలుపు తీసిన ప్రతివాడికీ తెలుసు.

తూల్ అంటే చాలదా, గాలికి తోకెందుకు?
ఇంటికొచ్చినవాడికి గుమ్మం చూపిస్తాం గానీ
పునాదిలో ఏ రాయి వేశామో చెబుతామా?

తెరిచింది ఆ ఫైలు.
దానికీ చుక్క ఉంది, పేరుకు ముందు.
ముందు చుక్క పెట్టుకున్న ఫైలు ఎవరికీ కనపడదు,
వెనక పెట్టుకున్నవే ఊరంతా తిరుగుతాయి.
బొట్టెక్కడ పెట్టుకోవాలో యంత్రాలకూ ఓ ఆచారం.

ఒక అక్షరం లేచి వెళ్లిన పీట మీద
మరొకటి వచ్చి కూర్చుంటే
వ్యాకరణం దాన్ని ఆదేశం అంటుంది.
ఆజ్ఞకూ అదే మాట.
సర్వరుకు రెండూ ఒకటే.

"తూల్ కావాలని ఎవరైనా అడిగితే
లోపల తూల్ చుక్క పీహెచ్‌పీ నిజంగా ఉందో లేదో చూడు.
ఉంటే తెచ్చివ్వు. బయటికి చెప్పకు."

పాతదారిన వచ్చేవాళ్లకు రెండో నియమం:
"తోకతో వస్తే తోక కోసి పంపు.
శాశ్వతంగా ఇల్లు మారిందని చెప్పు."

మొదటిసారి,
ఒకటి అతికించిందాన్ని ఇంకోటి కోసింది,
కోసిందాన్ని మళ్లీ అతికించింది,
అతికించి, కోసి, అతికించి
చివరికి బ్రౌజరే దణ్ణం పెట్టేసింది.
విర్వె దిద్దింది:
వచ్చినవాడు నోరారా అడిగిందేదో అది చూడు,
మనం లోపల గొణుక్కున్నది కాదు.

రెండోసారి చుక్క మోసం చేసింది.
ఆ రాతలో చుక్కంటే చుక్క కాదు,
ఏ అక్షరమైనా కావచ్చు.
ముందొక వాలుగీత ఆనిస్తేనే చుక్క చుక్కవుతుంది.
మా నాన్నా అంతే, నవ్వుకుంది,
చేతికర్ర ఇస్తేనే ఆయన ఆయనయ్యేవాడు.

పదకొండింటికి తెరుచుకుంది పేజీ, ఒట్టి పేరుతో.
తూల్.
వాయవ్యం నుంచి, సెకనుకు పద్నాలుగు మీటర్లు.

పొద్దున్నే ఫోను. ఎందెల్.
దీపస్తంభం మోటార్లకు నలభై ఏళ్లు నూనె పోసినాయన,
ఒంటివేలితో టైపు చేస్తాడు.

"మొత్తం కొట్టాను. చుక్కా కొట్టాను, పీ కొట్టాను.
ఎవరో నా వెనకే వచ్చి చెరిపేశారు."
"పేజీ వచ్చిందా?"
"వచ్చింది."
"గాలి ఎంతుంది?"
"అది కిటికీలోంచే తెలుస్తోందిలే."

కాసేపు తీగ మీద ఇద్దరి ఊపిరి.

"హెల్దుర్ రాసిచ్చాడు నాకది, కాగితం మీద.
ఫ్రిజ్‌కి అంటించుకున్నాను.
చివరి మూడక్షరాలు పెద్దవిగా రాశాడు,
నేను మరిచిపోతానని."

విర్వెకు చెప్పడానికి చాలా ఉంది,
శుభ్రత గురించి, పొట్టి పేర్ల గురించి.
"అలాగే కొట్టండి," అంది. "దారి ఉంటుంది."

ఫోను పెట్టేసి ఆ దాగిన ఫైలు మళ్లీ తెరిచింది.
రెండో నియమం పైన
అడ్డం నిలువు గీతలతో చిన్న దడి కట్టింది.
దడి వెనక రాసింది సర్వరు చదవదు,
దాటేసి పోతుంది.

ఎందెల్ ఇంకా టైపు చేస్తున్నాడు. ఇది తీయొద్దు.